చిలకలను తోలిన రేకులు

కిందటి వారం మిమ్మల్ని ఎక్కడ వదిలేశానో నాకు బాగానే గుర్తుంది. కార్డుల గది గుమ్మంలో, తవిటమ్మ కేసు షీటు చేతిలో పట్టుకుని నేను నిలబడి ఉండగా, సూపరింటెండెంటు జయరాజు డాక్టరుగారి దగ్గర్నుంచి కబురు వచ్చింది. "ఆ షీటు తీసుకుని రేపు పొద్దున్న పది గంటలకి నా గదికి రా. ఈలోగా కార్డుల మీద ఏమీ ఎక్కించకు." అంతే కబురు. ఆయన నాతో ఎప్పుడూ అంత పొడిగా మాట్లాడలేదు.

ముందు వారాలు తప్పిపోయినవాళ్ళు ఉంటారు కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. అది ఎనభై రెండో సంవత్సరం, ఆగస్టు ఆఖరు. రాయగడ అప్పటికింకా కోరాపుట్ జిల్లాలోదే. మాది కొండవాలు మీద ఉన్న మిషను ఆస్పత్రి. తవిటమ్మది గునుపూరు దగ్గర పల్లె. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ భూమి చేసుకుంటున్న కాపుల ఇంటి కోడలు. ముఖం చంద్రబింబంలా ఉబ్బి, కాళ్ళు అరటిబోదెల్లా వాచి మా వార్డులో చేరింది. ఆమె మూత్రం నాలుగు చుక్కలు నీలం మందులో వేసి కాస్తే ఇటుక రంగు తిరిగింది. షుగరు. మూత్రపిండాలు కూడా చెడిపోయాయని మన పుష్పకుమారి డాక్టరమ్మ తేల్చింది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. ఆ పిల్ల ఆరా తీసి, ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులకని తవిటమ్మ మింగుతున్న తెల్ల మాత్రలు, డాక్టర్లు స్టెరాయిడ్లంటారే, వాటి వల్లే ఇదంతా వచ్చిందని షీటు మీద రాసి, సంతకం పెట్టి, పరీక్షలు రాయడానికి బరంపురం వెళ్ళిపోయింది.

ఆ తెల్ల మాత్రలు ఎక్కడివనుకున్నారు? మా ఆస్పత్రివే. వారం వారం సంతలకి మా జీపు వెళ్ళేది, ఇక్కడా, గునుపూరు వైపూ కూడా. కాంపౌండరు మన్మథరావు బల్ల వేసుకుని కూర్చుని మందులు ఇచ్చేవాడు.

ఇక నా సంగతి. నాలుగో తరగతి చదివాను, ఐదులో చేరిన నెలకే అమ్మవారు పోసి బడి మానేశాను. మా ఆయన పోయాక జయరాజుగారే పిలిచి వార్డులో ఆయాగా పెట్టారు. కార్డుల గది గుమాస్తా ఎలీయాజరుగారికి కళ్ళు మసకబారుతుంటే, ఒక్కసారి చూసింది నేను మరిచిపోనని తెలిసి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ గదిలో పని ఏమిటంటే, ఆస్పత్రిలో చేరి జబ్బు తేలిన ప్రతి రోగి షీటూ చూసి, డాక్టరు రాసిన జబ్బుకి లావుపాటి పుస్తకంలో ఏ నంబరు ఉందో అది వెయ్యాలి. ఆ నంబరు కార్డు తీసి రోగి పేరు ఎక్కించాలి. నెలాఖరుకి పట్టీ వేసి కోరాపుట్‌లో జిల్లా ఆరోగ్య కార్యాలయానికి పంపాలి. ఇంగ్లీషు నాకు రాదు. కానీ డాక్టర్లు రాసే మాటలు బొమ్మల్లా గుర్తు. మలేరియా ఎనభై నాలుగు. కుష్ఠు ముప్పై. గజ్జి నూట ముప్పై మూడు. మూడేళ్ళలో ఆ పుస్తకం నాకు కీర్తనల్లా నోటికి వచ్చేసింది.

నంబరు ముందు 'ఈ' అక్షరం ఉన్నవి వేరే జాతి. అవి జబ్బు పేరు చెప్పవు. బయటి నుంచి ఏది వచ్చి మనిషిని చెడగొట్టిందో చెబుతాయి. పాము కరిస్తే ఈ 905. మనం మంచికని ఇచ్చిన మందుల్లో ఈ తెల్ల మాత్రల జాతిది చెరుపు చేస్తే ఈ 932. ఆ 932 కార్డు మా బీరువాలో ఉండేదే కాదు. దాని అవసరం ఎవరికీ పడలేదు. పడిందని ఎవరూ రాయలేదు, అది నిజం.

ఎలీయాజరుగారు పని మానేసి వెళ్ళేటప్పుడు నాకు రెండే చెప్పారు. "మార్తమ్మా, డాక్టరు రాయనిది నువ్వు రాయకు. డాక్టరు రాసింది నువ్వు దాచకు."

జయరాజుగారు రమ్మన్న ఆ పొద్దున్న ఇంట్లో నాకు చీమలతోనే సరిపోయింది. పెరట్లో తడిక చాటున, మా అమ్మ ఒంటికి వెళ్ళే మూల రెండు నెలలుగా ఎర్రచీమలు బారులు కట్టేవి. పొయ్యిలో బూడిదంతా దానికే చాలేది కాదు.

"ఓలమ్మ, ఆటినేటి అలగ సంపేస్తన్నావు? ఆటి దారిన అయి పోతన్నాయి గదా" అంది అమ్మ అరుగు మీద కూర్చుని.

"నీ కాళ్ళు కుట్టీసినప్పుడు తెలుస్తాది."

"నా కాళ్ళకిప్పుడు బాధేటున్నాదే అమ్మీ! గుర్రంలాగ నడుస్తన్నాను" అని నవ్వింది. డెబ్బై దాటిన మనిషి. ఆ మాట నిజమే, నాలుగేళ్ళ కిందట లేవలేని మనిషి ఇప్పుడు చర్చికీ సంతకీ తనే వెళ్ళి వస్తోంది. నేను ఇంకో చేటెడు బూడిద చల్లి, చీర మార్చుకుని పనిలోకి వెళ్ళాను.

నన్ను పిలవడానికి మన్మథరావే స్వయంగా వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, నూనె రాసి దువ్విన జుట్టు. మనిషి చెడ్డవాడు కాదు, ఇది ముందే చెబుతున్నాను. నందపూర్ దాకా ఏ ఊరి పేరు చెప్పినా అక్కడ ముసలివాళ్ళ పేర్లు చెప్పగలడు. గుమ్మంలో నిలబడి పైకి చూసి నవ్వాడు.

"ఏటి మార్తమ్మగారూ, క్రిస్మస్ ఎల్లి ఎనిమిది నెల్లయింది. ఆ సుక్క ఇంకా దింపరా?"

కిటికీ దగ్గర వేలాడుతున్న వెండి నక్షత్రం గురించి అతను అంటున్నది. మా అమ్మ వెదురుపుల్లలతో కట్టి, వెండి కాయితాలు అతికించి ఇచ్చింది. దింపుదాం దింపుదాం అనుకుంటూనే ఉండిపోయాను.

"మళ్ళీ క్రిస్మస్ నాలుగు నెల్లే గదా, ఇంక దింపడమెందుకు?" అన్నాను.

"అదీ నిజమే" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "డాక్టరుగారు సెప్పినట్టు యిను. పెద్దాయన మనసు కష్టపెట్టకు. డాక్టరమ్మ రాసిన ముక్క మీద ఒక్క గీత. దానికింత గొడవెందుకు?" అన్నాడు.

జయరాజుగారి గదిలోకి వెళ్ళగానే ఆయన "కూర్చో మార్తమ్మా" అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోలేదు. ఆ కుర్చీ చూడగానే నాకు విషయం అర్థమైంది. నిలబడే ఉన్నాను.

"తవిటమ్మకి షుగరు ఉంది, నేను కాదనను. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, అదీ కాదనను. రెండు వందల యాభై వెయ్యి. ఆ నంబరులోనే షుగరూ, దానివల్ల చెడిన మూత్రపిండాలూ రెండూ ఇమిడిపోతాయి. ఒక్క నంబరు, ఒక్క కార్డు. పుస్తకం నీకు నోటికొచ్చు కదా, నేను చెప్పింది తప్పా?"

"తప్పు కాదండి. ఎవరికి వాళ్ళకి ఒంట్లో పుట్టిన షుగరైతే అదే నంబరు. కానీ డాక్టరమ్మ అలాగ రాయనేదు. మాత్రల వల్ల అని రాసింది. దానికి రెండు వందల యాభై ఒకటి. మూత్రపిండాలకి విడిగా ఐదు వందల ఎనభై మూడు. ఆ పైన ఈ 932."

"ఆవిడ ఈ ఊరొచ్చి ఏడాది కాలేదు" అన్నాడు నా వెనకే వచ్చిన మన్మథరావు. "ఆ తవిటమ్మ ఏదో సెప్పింది, ఈవిడ రాసీసింది. సంతకి మూడొందల మంది వస్తారు డాక్టరుగారూ. ఒకసారో రెండుసార్లో ఇచ్చుంటాను. ఆరేళ్ళంటే ఎవుడు నమ్ముతాడు? ఆళ్ళింట్లో షుగరుండుంటాది."

జయరాజుగారు నా వైపు తిరిగారు. "రుజువు ఏది, మార్తమ్మా?"

రుజువు నిజంగానే లేదు. సంత క్లినిక్‌లో షీట్లు రాసేవారు కాదు. రేకు బిళ్ళ మీద నంబరు వేసి చేతికి ఇవ్వడం, వరసలో మన వంతు రాగానే ఆ బిళ్ళ తీసుకుని మందు ఇవ్వడం. సాయంత్రానికి బిళ్ళలన్నీ మళ్ళీ డబ్బాలోకి వచ్చేసేవి. ఎవరికి ఏ మందు ఎన్నిసార్లు ఇచ్చారో ఆ డబ్బాకి తెలియదు.

నాకున్న ఆశ ఒక్కటే. అంతకు ముందు రోజు తవిటమ్మ మొగుడు కన్నయ్యను, మాత్రలు అయిపోయాక వాటిని చుట్టి వచ్చే వెండి రేకులు ఏం చేశారని అడిగితే, "సేనికి కట్టీసేం తల్లీ" అన్నాడు. సరే, ఉన్నవన్నీ పట్టుకురమ్మని గునుపూరు బస్సు ఎక్కించాను. పది దాటింది. కన్నయ్య జాడ లేదు.

"నెల పట్టీ ఒంటిగంట బస్సుకి కోరాపుట్ వెళ్ళాలి" అన్నారు జయరాజుగారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఈ 932 అని పట్టీలో కనిపిస్తే వాళ్ళు వస్తారు. రావాలి కూడా. వచ్చి ఏం చేస్తారు? సంత జీపు ఆపేస్తారు. ఆపితే మలేరియా పిల్లలకి మందు ఎవరిస్తారు? పురుళ్ళ మనుషుల్ని ఎవరు తీసుకొస్తారు? ఒక్క తవిటమ్మ కోసం ఇన్ని ఊళ్ళు నష్టపోవాలా? ఆలోచించి చెప్పు."

ఆలోచించాను. మీరు నమ్మండి నమ్మకపోండి, ఆ నిమిషంలో నాకు ఆయన మాటే న్యాయంగా తోచింది. ఆ జీపులో మా ఆయన్ని రక్తం కక్కుతుండగా తెచ్చింది ఈ జయరాజుగారే. నన్ను పిలిచి పని ఇచ్చింది ఆయనే. మేమున్న రెండు గదుల క్వార్టరు ఆయన మాట మీదే ఉంది. కానీ ముందురోజు వార్డులో తవిటమ్మ నా చెయ్యి పట్టుకుని అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. "మా అమ్మకి నేదు, మా అయ్యకి నేదు. నాది కాని జబ్బు నా పేరున రాసీకండి తల్లీ. రేప్పొద్దున నా పిల్లల్నీ ఆ జబ్బోళ్ళనే అంటారు. ఆ మాత్తర్లు ఇచ్చీవోళ్ళు అలగే ఇస్తానుంటారు."

పై చెంగు బిగించి కట్టుకున్నాను. షీటు ఆయన బల్ల మీద, ఆయన ముందు పెట్టాను. నా పెన్ను మూత తీసి దాని పక్కన పెట్టాను.

"డాక్టరుగారూ, ఆ గీత మీరు కొట్టీండి. డాక్టరమ్మ రాసిన ముక్క మీద మీ సేత్తో గీత కొట్టి, ఎందుకు కొట్టేరో రాసి, సంతకం ఎట్టండి. అప్పుడు నాను రెండొందల యాభై ఏస్తాను. డాక్టరు రాసిందానికే నంబరు, ఎలీయాజరుగారు నాకు అదే సెప్పేరు. మీరు రాస్తే అదీ డాక్టరు రాసిందే. కానీ షీటు మీద ఒకటుంచి, కార్డు మీద ఇంకోటి నా సేత ఏయించకండి. నాను ఏయను."

"మార్తమ్మా!" అన్నాడు మన్మథరావు.

"నువ్వుండు బాబూ. నీతో కాదు నాను మాటాడతన్నది." మళ్ళీ డాక్టరుగారి వైపు తిరిగాను. "ఉద్యోగం మీరిచ్చేరు. తీసుకుంటే తీసుకోండి. ఆయా పని నాకు కొత్త కాదు, ఇంకో ఆస్పత్రిలో దొరుకుతాది. కానీ కార్డుల గది తాళం నా కొంగునున్నంత వరకూ అందులో దొంగ నంబరు పడదు."

జయరాజుగారు పెన్ను వైపు చూశారు. తీసుకోలేదు. పక్కకూ తొయ్యలేదు. దాంతో నాకు ఒక విషయం తెలిసిపోయింది. ఆ గీత కొట్టడానికి ఆయనకీ చెయ్యి రావడం లేదు. అందుకే నా చేత్తో కొట్టించాలనుకున్నారు.

అప్పుడు వరండాలో చప్పుడైంది. గాజుల చప్పుడు కాదు, డబ్బాల చప్పుడూ కాదు. ఎండిన ఆకుల్లోంచి గాలి వెళ్ళినట్టు గలగల.

"ఆగండి, ఆగండి, ఎక్కడికి లేచి వస్తున్నారు!" అని నర్సు వసంతకుమారి కేక.

తలుపు తోసుకుని కన్నయ్య లోపలికి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, భుజాన గోనె సంచి. వెనక అతని భుజం పట్టుకుని తవిటమ్మ. మంచం మీద నుంచి వాచిన కాళ్ళతోనే లేచి వచ్చేసింది. వసంతకుమారి ఆమె రెక్క పట్టుకుని ఉంది, ఆపడానికో పడకుండా చూడడానికో.

"దారిలో బస్సు దిగబడిపోనాది తల్లీ. తొయ్యడానికి దిగేం" అన్నాడు కన్నయ్య నాతో. మన్మథరావుని చూసి అలవాటు కొద్దీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. పాపం, మన్మథరావూ అలవాటు కొద్దీ తల ఊపాడు.

కన్నయ్య సంచి విప్పి కొబ్బరితాడు కొస పైకి లాగాడు. అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. తాడు పొడుగునా వెండి రేకులు. ఒక్కొక్కటి పది మాత్రలది, మాత్రలు తీసేసిన చోట చిరుగులు. కొస తలుపు గడియకి కట్టి, రెండో కొస పట్టుకుని కిటికీ దాకా వెళ్ళి ఊచకి కట్టాడు. ఇంకా మిగిలింది. మళ్ళీ వెనక్కి బీరువా దాకా. ఎండ కిటికీలోంచి పడుతోంది. గదంతా వెలుగు మరకలు, గోడల మీద, పైకప్పు మీద, జయరాజుగారి నెరిసిన జుట్టు మీద.

"మొక్కజొన్నకి సిలకలు పట్టీసి ఒక్క పొత్తు మిగల్నిచ్చీవి కావు బాబూ" అన్నాడు కన్నయ్య. "ఇయి కట్టినకాడి నుంచి సేను దరికి రావు. కొన్ని గాలికెగిరిపోనాయి, కొన్ని దూడ నమిలీసింది. మిగిలినయన్నీ తెచ్చేను."

జయరాజుగారు లేచి తాడు దగ్గరికి వచ్చారు. ఒక రేకు పట్టుకుని మందు పేరు చదివారు. "ఇది మన మందే. కానీ ఇన్ని రేకులు ఎక్కడివైనా కావచ్చు..." అంటూ దాన్ని వెనక్కి తిప్పారు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

రేకు వెనక పెన్నుతో నొక్కి గీసిన తేదీ. కింద చిన్న 'మ'.

ఇంకొకటి తిప్పారు. దాని మీద వేరే తేదీ, కింద 'మ'. మరొకటి. నేను కూడా తిప్పి చూశాను. అన్నీ వారం వారం తేదీలు, అన్నీ సంత రోజులే.

"అదేటి బాబూ అలగ సూస్తన్నారు?" అంది తవిటమ్మ, కుర్చీలో కూలబడుతూ. నా కోసం వేసిన కుర్చీలో చివరికి ఆమె కూర్చుంది. "కాళీ రేకు తేపోతే మందివ్వనని మీవోడే గదా అనీవాడు. ఒకే వారం రెండుసార్లు పట్టికెళ్ళిపోతారని. ఎనకాల రాసి మళ్ళీ నాకే ఇచ్చీవాడు. నాను పారీలేదు. డాక్టర్లు రాసింది పారేస్తారేటి ఎవులైనా?"

మా ఆస్పత్రి బీరువాలో లేని షీటు ఆరేళ్ళుగా గునుపూరు చేలో ఎండకీ వానకీ వేలాడుతోంది చూడండి! మన్మథరావు తెలివిగా పెట్టుకున్న పద్ధతే అది. దొంగ మందు పోకూడదని తన చేత్తో తానే తేదీలు వేశాడు.

"ఇది నీ చెయ్యేనా?" అని అడిగారు జయరాజుగారు.

మన్మథరావు ముఖం నల్లబడింది. కానీ అతనూ తలదించుకోలేదు. "నా సెయ్యే. కాదని ఎప్పుడన్నాను? ఇన్ని అనుకోలేదంతే. మందు తెప్పించిన కాయితాల మీద సంతకం మీదే డాక్టరుగారూ. నెలకి ఇన్ని డబ్బాలు ఎవులికని మీరు ఏనాడూ అడగనేదు. పాక్కుంటూ వచ్చినోళ్ళు మర్నాడు నడిచి ఎల్లీవారు. నా కాళ్ళకి దణ్ణం ఎట్టీవారు. నడిపించడం తప్పయిపోనాదా?"

దానికి తవిటమ్మే జవాబు చెప్పింది. ఆయాసంతో, ఆగి ఆగి.

"నడిపించినావు బాబూ. అది అబద్దం కాదు. ఆరేళ్ళు ఊడుపులు ఊడ్చేను, కోతలు కోసేను, నీ పేరు సెప్పుకునే. ఆ నడిచీది ఎక్కడికో నాకు సెప్పనేదు. నాకు దాహం ఏస్తంటే ఎండనుకున్నాం. ముకం ఉబ్బితే బలిసేననుకున్నాం. ఒంటికెళ్ళిన కాడ సీమలు పడతంటే ఈడు బూడిద సల్లీవాడు." మొగుడి వైపు చూపించింది. "ఆ మాత్తరే ఎక్కడికి నడిపించిందో అదే రాయమంటన్నాను. నిన్ను తిట్టమన్నానా? రాయమన్నాను."

జయరాజుగారు తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నా పెన్ను తీసుకున్నారు. పుష్పకుమారి రాసిన మాట కింద, నెమ్మదిగా, నాకు కూడా బొమ్మ తెలిసేంత విడివిడిగా రాశారు, రాస్తూ తెలుగులో పైకి చెప్పారు. ఆ ముక్క నిజమేనని, తేదీలున్న మందు రేకులు తానే చూశానని, ఆ మందు ఇచ్చింది తన ఆస్పత్రేనని. సంతకం పెట్టి షీటు నా చేతికిచ్చారు.

"డాక్టరు రాసింది, మార్తమ్మా. నంబరు వెయ్యి."

"జీపు ఆపీవద్దు డాక్టరుగారూ" అన్నాను. "షీట్లు రాయడానికి నన్ను కూడా ఎక్కించండి. సంతలో కూకుని రాస్తాను."

కన్నయ్య తాడు విప్పబోతుంటే ఆయన "ఉంచు" అన్నారు. "ఈ తాడు ఇక్కడే ఉండనీ. కోరాపుట్ నుంచి వచ్చేవాళ్ళు చూడాలి."

"ఉంచుకోండి బాబూ" అన్నాడు కన్నయ్య. "ఇంకా కావాలంటే తెస్తాను. మా సేనొక్కటేనేటి, పొద్దున్నే మెట్టెక్కి సూత్తే ఏరుగట్టు దాకా ఊరు ఊరంతా మెరిసిపోతాది."

అతను సాయం చేసే మాటలాగే అన్నాడు. జయరాజుగారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. మన్మథరావు తన జేబులో పెన్నులు రెండూ తీసి బల్ల మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

నేను కార్డుల గదికి వచ్చాను. రెండు వందల యాభై ఒకటి కార్డు తీసి తవిటమ్మ పేరు ఎక్కించాను. ఐదు వందల ఎనభై మూడు తీసి ఎక్కించాను. తరవాత కొత్త కార్డు తీసి, పైన మూల ఈ 932 అని వేసి, మొదటి గీత మీద ఆమె పేరు రాశాను. ఎన్ని వేల పేర్లు రాశానో, ఏ పేరూ అంత గుండ్రంగా రాయలేదు. నెల పట్టీ కవరులో పెట్టి ఒంటిగంట బస్సుకి అందించాను. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. లోపలికి వస్తుంటే నాకు పాట పాడాలనిపించింది, నిజంగానే.

కుర్చీలో కూర్చున్నాను. కొత్త కార్డు మీద వెలుగు మరక ఒకటి కదులుతోంది.

డాక్టరుగారి గదిలో గోడల మీద కదిలినట్టే. అదే వెలుగు. తల పైకెత్తి చూశాను.

కిటికీ దగ్గర నక్షత్రం గాలికి మెల్లిగా తిరుగుతోంది.

బల్ల ఎక్కి దాన్ని దింపాను. మా అమ్మ గంజితో అతికించిన వెండి కాయితాలు, ఒక దాని మీద ఒకటి ఒద్దికగా. ఎక్కడివే అమ్మా ఇన్ని కాయితాలు అని డిసెంబరులో అడిగితే, "సంతలో ఇస్తారే అమ్మీ, నీ ఆస్పత్రోళ్ళే" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. కూతురు ఆస్పత్రిలోనే పనిచేస్తుంటే, ఓపీలో వరస కట్టడం నామోషీ అని సంతలో మన్మథరావు దగ్గరే మోకాళ్ళ మందు తీసుకునే మనిషి. గుర్రంలాగ నడుస్తన్నానని పొద్దున్నే చెప్పిన మనిషి.

ఒక కొన దగ్గర గోరు పెట్టి రేకు వలిచాను. వెనక తేదీ. కింద 'మ'.

ఇంకో కొన వలిచాను. ఇంకో తేదీ.

పక్కింటివాళ్ళ ముందు 'మా అమ్మ ఈ వయసులో నిండుగా ఉంది' అని చెప్పుకున్న ముఖం కళ్ళ ముందుకొచ్చింది. మంచం పక్కన రోజూ ఖాళీ అవుతున్న నీళ్ళ బిందె వచ్చింది. వెయ్యి జబ్బుల నంబర్లు నోటికొచ్చిన నేను రెండు నెలలుగా ఆ చీమల మీద బూడిద చల్లుతున్నాను.

ఏడుపు వచ్చింది. కానీ ఏడవలేదు. ఏడిస్తే కార్డు తడుస్తుంది. ఈ 932 కార్డు ముందుకి లాక్కుని రెండో గీత మీద పెన్ను పెట్టాను. అంతలో ఎలీయాజరుగారి మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. డాక్టరు రాయనిది నేను రాయకూడదు. అమ్మ పేరునైనా సరే.

అందుకని ఆ గీత ఖాళీగానే వదిలేశాను. బీరువాలోంచి కొత్త కేసు షీటు తీసి, పైన దీవెనమ్మ అని మా అమ్మ పేరు రాశాను. కింద అంతా తెల్లగా ఉంది. ఆ తెల్ల షీటు ఒక చేత్తో, చిరిగిన నక్షత్రం ఇంకో చేత్తో పట్టుకుని, వరండా అంతా నడిచి వెళ్ళి జయరాజు డాక్టరుగారి తలుపు మళ్ళీ కొట్టాను. ఈసారి ఆయన పిలవకుండానే.